గంజాయి రైతుల పోటీని చూసి రావడం ఎలా

కాలిఫోర్నియాలో ఉంటున్న మనవాళ్లలో చాలామంది నాపా ద్రాక్షతోటలు చూసి ఉంటారు. గిల్‌రాయ్ వెల్లుల్లి పండుగకో, హాఫ్ మూన్ బేలో రాక్షస గుమ్మడికాయలను తూచే పోటీకో పిల్లలను తీసుకెళ్లి ఉంటారు. అదే రాష్ట్రంలో గంజాయి పండించే చిన్న రైతులకూ పోటీలు జరుగుతాయి. పతకాలు ఇస్తారు, ఊరేగినంత సంబరం చేస్తారు. ఆ మాట చెప్పగానే మన ఇళ్లలో సంభాషణ ఆగిపోతుంది. కారణం తెలిసిందే. మనకు గంజాయి అంటే విశాఖ ఏజెన్సీ నుంచి దొంగచాటుగా దాటించే శీలావతి రకం గంజాయి మూటలు, చెక్‌పోస్టులు, నాలుగు డబ్బుల ఆశకు మోతకూలీగా వెళ్లి జైలు పాలైన గిరిజన యువకులు. ఆ బాధ నిజమైనది, దాన్ని తేలిగ్గా తీసుకునే ఉద్దేశం నాకు లేదు.

కాలిఫోర్నియా కథ వేరు. అక్కడ చట్టం ఒప్పుకున్న పంట అది, దాన్ని పండించే కుటుంబాలు ఇప్పుడు అప్పులతో, పడిపోయిన ధరలతో పోరాడుతున్నాయి. 21 ఏళ్లు నిండి, అమెరికాలో ఉంటూ, ఆ పోటీ ఏమిటో కళ్లారా చూడాలనుకునే తెలుగు పాఠకుల కోసం ఇది రాస్తున్నాను. ఈ పండుగను రైతు కోసం చూడండి. మత్తు కోసం వెళ్లేవారికి దుకాణం చాలు, పోటీ అక్కర్లేదు.

ముందు మీ కాగితాలు చూసుకోండి

మిగతా అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పెద్దల గంజాయి వాడకాన్ని చట్టబద్ధం చేసే 64వ ప్రతిపాదనను కాలిఫోర్నియా ఓటర్లు 2016 నవంబరులో ఆమోదించారు, 2018 జనవరి 1 నుంచి దుకాణాల్లో పెద్దలకు అమ్మకం మొదలైంది. అయితే అది రాష్ట్ర చట్టం. ఫెడరల్ ప్రభుత్వం దృష్టిలో గంజాయి ఇప్పటికీ నియంత్రిత మత్తు పదార్థమే. వలస వ్యవహారాలన్నీ ఫెడరల్ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి.

హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4, పర్యాటక వీసా, గ్రీన్ కార్డు, వీటిలో ఏది ఉన్నా మీరు అమెరికా పౌరులు కారు. రాష్ట్ర చట్టం ఎంత అనుమతించినా గంజాయి కొనడం, దగ్గర పెట్టుకోవడం, వాడటం మీకు ముప్పే. కోర్టులో శిక్ష పడనక్కరలేదు. విమానాశ్రయంలో అధికారి అడిగినప్పుడు వాడానని ఒప్పుకున్నా దేశంలోకి రానివ్వకపోవచ్చు. పౌరసత్వ, వలస సేవల విభాగం 2019 ఏప్రిల్‌లో ఒక విధాన ప్రకటన చేసింది. రాష్ట్ర చట్టానికి లోబడి చేసినా సరే, గంజాయితో ముడిపడిన పనులు పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని అందులో స్పష్టం చేసింది. గంజాయి కంపెనీలో ఉద్యోగం కూడా ఆ పనుల కిందికే వస్తుంది.

అందుకని పౌరులు కానివారు చేతిలోకి ఏమీ తీసుకోకుండా, కొనకుండా, ఏ స్టాలులోనూ సాయానికి నిలబడకుండా చూసి రావచ్చు. లేదా అసలు వెళ్లకుండా ఉండవచ్చు. నన్ను అడిగితే గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తున్నవారు, త్వరలో వీసా స్టాంపింగ్‌కు హైదరాబాదు వెళ్లేవారు ఈ ఏడాదికి ఆగడమే మంచిది. వెళ్లాలని గట్టిగా అనుకుంటే వలస న్యాయవాదిని ఒక్కసారి అడగండి. ఫొటోల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సరిహద్దు అధికారులకు ఫోను తెరిచి చూసే అధికారం ఉంది. స్నేహితుడి చేతిలోని సీసా పక్కన నవ్వుతూ దిగిన ఫొటోకు మీరు ఎన్ని వివరణలైనా ఇవ్వాల్సి రావచ్చు.

ఫెడరల్ ఉద్యోగులకూ, భద్రతా అనుమతులున్న పనుల్లో ఉన్నవారికీ, లారీ డ్రైవర్ల వంటి రవాణా ఉద్యోగులకూ విడిగా నిబంధనలున్నాయి. పౌరులైనా వాటిని చూసుకోవాలి.

ఏ పోటీకి వెళ్లాలో ఎంచుకోండి

పోటీల చరిత్ర కొంచెం తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. 1988లో గంజాయి విశేషాల పత్రిక హై టైమ్స్ సంపాదకుడు స్టీవెన్ హేగర్ ఆమ్‌స్టర్‌డామ్‌లో కానబిస్ కప్ మొదలుపెట్టారు. అది ఎక్కువగా విత్తన కంపెనీల, గంజాయి అమ్మే కాఫీ షాపుల పోటీ. రైతు పోటీగా పేరు తెచ్చుకున్నది ఎమరాల్డ్ కప్. 2003లో మెండోసినో కౌంటీలోని లేటన్‌విల్ దగ్గర టిమ్ బ్లేక్ అనే ఆయన తన స్థలంలోనే దాన్ని ప్రారంభించారు. అప్పటికి వైద్య అవసరానికి మాత్రమే రాష్ట్రంలో అనుమతి ఉండేది. పొరుగు రైతులు కోత అయ్యాక తమ తమ పంట తెచ్చి, ఎవరిది బాగుందో తేల్చుకునే చిన్న కూటమి అది. అప్పట్లో రసాయనాలు లేకుండా ఎండలో పండిన పంటకే ప్రవేశం. ఏటేటా పెరిగి 2013 నాటికి శాంటా రోజాలోని సొనోమా కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌కు చేరింది. శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరంగా 55 మైళ్ల దూరంలోని ఈ ఊళ్లో డిసెంబరు పండుగ కొన్నేళ్లు పెద్ద ఎత్తున సాగింది. 2022 నుంచి బహుమతుల సభను వేరు చేసి, ఒకసారి లాస్ ఏంజెలెస్‌లో, తరువాత బే ఏరియాలో జరిపారు. తేదీ, ఊరు మారుతూ వస్తున్నాయి కనుక టికెట్టు కొనే ముందు ఆ ఏటి ప్రకటన చదవండి.

మొదటిసారి వెళ్లేవారికి నేను చెప్పేది మాత్రం శాక్రమెంటోలో జూలైలో జరిగే కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్. ఆవులు, మేకలు, తేనె, జున్ను, వైన్, ఆలివ్ నూనెల పోటీలు జరిగే అదే ఆవరణలో 2022 నుంచి గంజాయి పోటీ కూడా చేర్చారు. ప్రదర్శనకు విడిగా హద్దు గీసి, 21 ఏళ్లు నిండినవారినే పంపుతారు. కుటుంబంలో ఇష్టం లేనివారు ఆ గంటసేపు కోళ్ల ప్రదర్శన చూస్తూ గడపవచ్చు. ఒక విషయం గుర్తుంచుకోండి. 2024లో తొలిసారిగా అక్కడ అమ్మకాన్నీ, ఒక చోట వాడకాన్నీ కూడా అనుమతించారు. పొగ వద్దనుకునేవారు ప్రదర్శన ఎక్కడ, ఆ చోటు ఎక్కడ అని ముందే అడిగి తెలుసుకోవాలి. అంతకుముందే 2016లో ఒరెగాన్ స్టేట్ ఫెయిర్‌లో బహుమతి పొందిన తొమ్మిది గంజాయి మొక్కలను రిబ్బన్లు కట్టి ప్రదర్శనకు పెట్టారు. టమాటాలకు, డేలియా పూలకు ఇచ్చే గౌరవాన్నే ఈ మొక్కకూ ఇవ్వడం అక్కడే మొదలైందని చెప్పుకోవచ్చు.

చిన్నవి, స్థానికమైనవి కూడా ఉన్నాయి. హంబోల్ట్ కౌంటీలో గోల్డెన్ టార్ప్ పేరుతో ఒక పోటీ నడిచింది. టార్పాలిన్లు కప్పి ముందుగా పూయించిన పంటకు ప్రత్యేకించినది కాబట్టి ఆ పేరు.

బయలుదేరే ముందు పంట సంగతి తెలుసుకోండి

ఇది తెలియకుండా వెళితే సీసాల వరుసలన్నీ ఒకేలా కనిపిస్తాయి. పోటీల్లో పంటను మూడు రకాలుగా విడదీస్తారు. ఆరుబయట నేలలో ఎండకు పండినది మొదటిది. గ్రీన్‌హౌస్‌లో ఎండతో పాటు కొంత దీపాల వెలుతురు వాడి పండించినది రెండోది. నాలుగు గోడల మధ్య పూర్తిగా దీపాల కింద పండినది మూడోది. ఎవరి బరి వారిదే.

గంజాయి మొక్క రాత్రి పొడవును బట్టి పూస్తుంది. జూన్ మూడో వారం తరువాత పగళ్లు తగ్గుతూ వస్తాయి, ఆగస్టుకు పూత కనిపిస్తుంది, సెప్టెంబరు చివర్లోనూ అక్టోబరులోనూ కోత. అంతకన్నా ముందే పంట చేతికి రావాలనుకునే రైతు వేసవిలో సాయంత్రం ఒక వేళకు గ్రీన్‌హౌస్ మీద నల్ల టార్పాలిన్ లాగి, పన్నెండు గంటల చీకటి కల్పిస్తాడు. ఉదయం మళ్లీ తీస్తాడు. పూత ముగిసేదాకా ఒక్క రోజు కూడా తప్పడానికి లేదు. ఇంటిల్లిపాదీ వంతులు వేసుకుని చేసే పని అది.

కోసిన కొమ్మలను చీకటి గదిలో, పదిహేను పదహారు డిగ్రీల చల్లదనంలో, అరవై శాతం తేమలో పది రోజుల నుంచి రెండు వారాలు వేలాడదీస్తారు. తరువాత సీసాల్లోకి ఎత్తి, రోజూ మూత తీసి గాలి తగలనిస్తూ కొన్ని వారాలు మాగబెడతారు. కొత్త బియ్యానికీ ఏడాది పాతబడ్డ బియ్యానికీ ఉన్నంత తేడా ఇక్కడ వస్తుంది. పచ్చి గడ్డి వాసన పోయి అసలు పరిమళం పైకి తేలుతుంది. అక్టోబరులో కోసిన పంట ఇలా మాగేసరికి డిసెంబరు వస్తుంది. ఎమరాల్డ్ కప్ సంబరాలు ఏళ్ల తరబడి డిసెంబరులో జరగడానికి ఇదే కారణం.

చిన్న రైతు అంటే ఎంత చిన్న అని మీకు సందేహం రావచ్చు. కాలిఫోర్నియాలో ఆరుబయట పంటకు స్పెషాల్టీ లైసెన్సు 5,000 చదరపు అడుగుల వరకు, ‘స్మాల్’ లైసెన్సు 10,000 చదరపు అడుగుల వరకు. మన లెక్కలో చెప్పాలంటే మొదటిది పదకొండున్నర సెంట్లు, రెండోది ఇరవై మూడు సెంట్లు. తెలంగాణ లెక్కలో రెండోది తొమ్మిది గుంటలకు కాస్త ఎక్కువ. పావు ఎకరం కూడా లేని మడి మీద కుటుంబం బతకాలి, అదీ ఎకరాల కొద్దీ సాగుచేసే కంపెనీలతో పోటీ పడుతూ.

ద్వారం దగ్గర

పాస్‌పోర్టో, డ్రైవింగ్ లైసెన్సో తప్పక ఉండాలి. జుట్టు నెరిసినవారినీ వయసు ధ్రువీకరణ అడుగుతారు. ఇలాంటి కార్యక్రమాలకు రాష్ట్ర గంజాయి నియంత్రణ విభాగం తాత్కాలిక లైసెన్సు ఇస్తుంది. ఆ హద్దులో మద్యం, పొగాకు ఉండకూడదు. అమ్మకం చేసేది రిటైల్ అనుమతి ఉన్న సంస్థే. రైతు పక్కనే నిలబడి ఉన్నా, తన పంటను తన చేత్తో మీకు అమ్మడానికి సాగు లైసెన్సు ఒక్కటే సరిపోదు. కూరగాయల రైతు తన బుట్ట తెచ్చి అమ్ముకునే రాష్ట్రంలో ఈ రైతుకు ఆ వెసులుబాటు లేకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కొనాలనుకునే పౌరులు నగదు తీసుకెళ్లాలి. బ్యాంకులు ఫెడరల్ చట్టానికి భయపడతాయి కనుక క్రెడిట్ కార్డులు సాధారణంగా చెల్లవు. ఎండబెట్టిన పువ్వు అయితే 28.5 గ్రాములు, గాఢత పెంచిన సారమైతే 8 గ్రాములు, దగ్గర ఉంచుకోవడానికి చట్టం పెట్టిన హద్దు.

పువ్వును చూడటం

ఇక్కడ తొందరపడకండి. పోటీకి వచ్చిన పువ్వులను సాధారణంగా గాజుసీసాల్లో పెడతారు, కొన్ని స్టాళ్లలో భూతద్దం కూడా ఇస్తారు. నగల దుకాణంలో వాడే పది రెట్ల అద్దం ఒకటి జేబులో వేసుకుంటే ఇంకా మంచిది.

కంటితో చూసేటప్పుడు రంగుకు మోసపోకండి. ఊదా రంగు, ఎర్రటి వెంట్రుకల్లాంటి పోగులు అందంగా ఉంటాయి గానీ నాణ్యతకు గుర్తులు కావు. ఆకుల అంచులు ఎలా కత్తిరించారో చూడండి. చేత్తో కత్తిరించిన పువ్వు తన సహజ ఆకారంలో ఉంటుంది. యంత్రంలో వేసినది గులకరాయిలా నున్నగా గుండ్రబడుతుంది. పొరల సందుల్లో బూడిద రంగు నూగు కనిపిస్తే అది బూజు. పోటీదాకా వచ్చిన సరుకులో అది ఉండకూడదు.

ఇప్పుడు అద్దం పెట్టండి. పువ్వు నిండా మెరిసే రేణువులు చిన్న చిన్న పుట్టగొడుగుల్లా కాడ మీద తల నిలబెట్టుకుని కనిపిస్తాయి. వాటిని ట్రైకోములు అంటారు. ఈ మొక్క ప్రభావానికీ పరిమళానికీ కారణమైన పదార్థాలు ఎక్కువగా తయారయ్యేది ఆ తలల్లోనే. లేతగా ఉన్నప్పుడు నీటి చుక్కలా పారదర్శకంగా ఉంటాయి. ముదిరేకొద్దీ పాలరంగు తిరిగి, ఆపైన తేనెరంగుకు మారతాయి. రైతు కోత రోజును నిర్ణయించేది ఈ రంగు చూసే. తలలు రాలిపోయి కాడలే మిగిలి ఉంటే ఎవరో మొరటుగా చేయి చేసుకున్నారని అర్థం. కోత నుంచి సీసా దాకా ఎంత సున్నితంగా మోశారో ఒక్క చూపులో తెలిసిపోతుంది. నాకు ఈ పోటీల్లో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం ఇదే.

తరువాత వాసన. మూత తీసిన వెంటనే ఒకసారి, స్టాలు మనిషి పువ్వు విరిచి చూపితే మరోసారి ముక్కు పెట్టండి. రెండు వాసనలూ ఒకటి కావు. మన వంటింట్లో పెరిగిన ముక్కు ఇక్కడ బాగా పనికొస్తుంది. నిమ్మతొక్క గిల్లినట్టుంటే లిమొనీన్. మిరియాలు, లవంగాలు దంచినప్పటి ఘాటు క్యారియోఫిలీన్. ధనియాలు వేయించినప్పుడు తేలే తీపి పరిమళంలో లినలూల్ ఉంటుంది, ఇక్కడా కనిపిస్తుంది. మామిడిపండ్లలో ఉండే మిర్సీన్ చాలా రకాల్లో ప్రధానం. తులసి జాతి మొక్కల్లో ఉండే ఓసిమీన్ తక్కువ రకాల్లో వస్తుంది, దాన్ని గుర్తుపడితే రైతు మొహం వెలుగుతుంది. ఈ పదార్థాలన్నిటికీ కలిపి టెర్పీన్లు అని పేరు. పచ్చిగడ్డి, ఎండుగడ్డి, అమోనియా వాసనలు వస్తే ఆరబెట్టడంలోనో మాగబెట్టడంలోనో పొరపాటు జరిగినట్టే.

పౌరులు కానివారికి ఇక్కడ ఒక మాట. సీసా మీరు పట్టుకోకండి, స్టాలువారినే పట్టుకుని చూపించమనండి. ఎవరూ తప్పుగా అనుకోరు.

శాతాల వెంట పడకండి

సీసా మీద టీహెచ్‌సీ, అంటే మత్తు కలిగించే ప్రధాన పదార్థం, ఇంత శాతం అని రాసి ఉంటుంది. కొత్తవాళ్లందరి కళ్లూ ముందు దానిమీదే పడతాయి. దుకాణాలు ఆ అంకె చూసే ధర కట్టడంతో, ఎక్కువ అంకె ఇచ్చే ల్యాబును వెతుక్కునే దురలవాటు మొదలైంది. చివరకు రాష్ట్రం జోక్యం చేసుకుని 2024 నుంచి ల్యాబులన్నీ ఒకే పద్ధతిలో పరీక్షించాలని నిబంధన పెట్టాల్సి వచ్చింది. ఎండలో పండిన పంటకు ఆ అంకె గదుల్లో పండినదానికన్నా తరచుగా తక్కువ ఉంటుంది. దాంతో మంచి పరిమళమున్న పంట కూడా మూలన పడుతుంది. పోటీలు చిన్న రైతుకు చేసే పెద్ద మేలు ఇక్కడే ఉంది. అంకెకు బదులు పువ్వును చూసి తీర్పు చెప్పే చోటు అది.

తీర్పు ఎలా చెబుతారో కూడా తెలుసుకుని చూడండి. ఎమరాల్డ్ కప్‌లో ముందు ల్యాబు పరీక్ష ఉంటుంది. పురుగుమందుల అవశేషం, బూజు ఉన్నవి అక్కడే పోతాయి. మిగిలినవాటిని న్యాయనిర్ణేతలు రూపం, వాసన, రుచి, ప్రభావం చూసి తూకం వేస్తారు. మొక్కలను ఇండికా, సటైవా అని రెండు రకాలుగా చెప్పే పాత విభజనను పక్కనపెట్టి, 2022 పోటీలో టెర్పీన్ల ఆధారంగా ఆరు వర్గాలు చేశారు. జాక్స్ అండ్ హేజ్, ట్రాపికల్ అండ్ ఫ్లోరల్, ఓజీస్ అండ్ గ్యాస్, స్వీట్స్ అండ్ డ్రీమ్స్, డెజర్ట్స్, ఎగ్జోటిక్స్. పేర్లు వింతగా ఉన్నా ముక్కుతో పోల్చుకోవడానికి పాత పేర్లకన్నా ఇవే నయం.

స్టేట్ ఫెయిర్ పోటీ మొదలైన ఏళ్లలో దారి పూర్తిగా వేరు. అక్కడ ఎవరూ కాల్చి చూసేవారు కాదు. ల్యాబు లెక్కే తీర్పు. ఏ టెర్పీన్, ఏ కానబినాయిడ్ (టీహెచ్‌సీ వంటి పదార్థం) ఎంత ఉందో కొలిచి ఆయా విభాగాల్లో స్వర్ణ, రజత పతకాలు ఇచ్చేవారు. అందులో పక్షపాతానికి తావులేదు, నిజమే. కానీ మాగబెట్టిన నేర్పు, కత్తిరించిన నేర్పు యంత్రానికి పట్టవు. ఆ రెంటిలో నేను మనుషుల తీర్పు వైపే మొగ్గుతాను.

రైతును పలకరించడం

ఇంత దూరం వచ్చింది దీనికోసమే. జనం కొంచెం పలచబడే వేళ, ఉదయం తలుపులు తీసిన మొదటి గంటలో వెళ్లండి. ‘ఎంత గట్టిది?’ అని మొదలుపెట్టకండి. వాళ్లు రోజంతా వినే ప్రశ్న అది. ‘మీ పొలం ఎక్కడ, నీళ్లు ఎక్కడివి?’ అనండి, కుర్చీ జరిపి కూర్చోబెడతారు.

నీళ్ల ప్రశ్న చిన్నది కాదు. ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 వరకు గంజాయి సాగుకు వాగుల నుంచి నీరు తోడటాన్ని రాష్ట్ర జలమండలి నిషేధించింది. ఎండాకాలంలో వాగులు అడుగంటితే సాల్మన్ చేపలు చనిపోతాయి. అందుకే కొండల మీది రైతు శీతాకాలపు వానను చెరువుల్లో, ట్యాంకుల్లో పట్టి దాచి, ఆ నీటితోనే పంట పండించాలి. అనంతపురం, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చినవారికి ఈ సంభాషణ ఎంతసేపైనా సాగుతుంది.

తరువాత మట్టి గురించి అడగండి. పచ్చిరొట్ట ఎరువులు, కంపోస్టు, పులియబెట్టిన మొక్కల కషాయాలు, ఇవన్నీ వాళ్ల మాటల్లో దొర్లుతాయి. కొరియా సహజ సేద్య పద్ధతి అక్కడ బాగా పాకింది. జీవామృతం కలపడం చూసిన మనిషి దాని వివరం చెబితే ఆసక్తిగా వింటారు. ఎమరాల్డ్ కప్‌లో నేలను బాగుచేస్తూ సాగుచేసే పొలానికి విడిగా ఒక బహుమతి ఉంది. పెద్ద కప్పు ఎవరికి వచ్చిందన్నదాని కన్నా ఈ బహుమతి ఎవరికి వచ్చిందో ముందు చూడమంటాను. ఇంకో సంగతి, సేంద్రియ పంట అన్న ఫెడరల్ ముద్ర ఈ రైతులకు దక్కదు. దానికి సమానంగా కాలిఫోర్నియా ఓకాల్ అనే ముద్రను తెచ్చింది. సన్ అండ్ ఎర్త్ అనే మరో ధ్రువీకరణ కూడా ఉంది. సీసా మీద వాటిలో ఏదైనా కనిపిస్తే దాని వెనక పని గురించి అడగండి.

వయసు మళ్లిన రైతు దొరికితే వినడానికే కూర్చోండి. హంబోల్ట్, మెండోసినో, ట్రినిటీ, ఈ మూడు కౌంటీలను కలిపి ఎమరాల్డ్ ట్రయాంగిల్ అంటారు. 1960ల చివర్లో, 70ల్లో నగరాలు విడిచి ఈ కొండల్లో స్థిరపడినవాళ్లు పెరటి మొక్కలుగా దీన్ని మొదలుపెట్టారు. 1983 నుంచి క్యాంప్ అనే పోలీసు దళం హెలికాప్టర్లలో దిగి పంటలు నరికేది. ఆ చప్పుడు వింటూ పెరిగిన పిల్లలే ఇప్పుడు లైసెన్సులు తీసుకుని పోటీల్లో నిలబడుతున్నారు. చట్టబద్ధం అయ్యాక కష్టాలు తీరుతాయనుకున్నారు. 2021లో ధరలు కూలాయి. వెయ్యి డాలర్లు దాటి పలికిన పౌను పంట కొన్ని వందలకు దిగజారింది. 2022 జూలైలో రద్దయ్యేదాకా పౌనుకు సుమారు 161 డాలర్ల సాగు పన్ను దానిపైన ఉండేది. ఎందరో లైసెన్సులు వదులుకున్నారు. ఈ సంగతి తెలిసి వెళితే ఆ స్టాలు బల్లల మీది పతకాల విలువ మీకు అర్థమవుతుంది. ఒక పతకం వస్తే దుకాణదారు ఫోను ఎత్తుతాడు. రాకపోతే ఎత్తడు.

ఎంతమందితో మాట్లాడాలి అంటే ముగ్గురు చాలు. ముప్పై స్టాళ్లు తిరిగితే తల తిరగడం తప్ప ఏమీ మిగలదు.

వాడాలనుకునే పౌరులకు

రెండు మాటలే చెబుతాను. పోటీకి వచ్చిన సరుకు చాలావరకు గట్టిది, అలవాటు లేనివారికి తగదు. గంజాయి సారం కలిపిన మిఠాయిలైన గమ్మీల్లో రాష్ట్ర పరిమితి ఒక్కో మోతాదుకు 10 మిల్లీగ్రాములు. కొత్తవారికి అందులో పావు వంతే ఎక్కువ. ప్రభావం తెలియడానికి రెండు గంటల దాకా పట్టవచ్చు, ఈలోగా ఏమీ కాలేదని రెండోది వేసుకున్నవారే ప్రథమ చికిత్స గుడారంలో కనిపిస్తారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గుండె జబ్బు ఉన్నవారు, కుటుంబంలో మానసిక వ్యాధుల చరిత్ర ఉన్నవారు దూరంగా ఉండాలి. వాడితే ఆ రోజు స్టీరింగు పట్టకూడదు, మద్యం తాగి నడిపినట్టే కేసు అవుతుంది.

తిరుగు ప్రయాణం

శాంటా రోజాలో జరిగే కార్యక్రమాలకు కారు లేకుండా వెళ్లవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లార్క్‌స్పర్‌కు ఫెర్రీ, అక్కడి నుంచి శాంటా రోజా డౌన్‌టౌన్‌కు స్మార్ట్ (SMART) అనే స్థానిక రైలు. కారులో వస్తే, కొన్న సరుకును సీలు తీయకుండా డిక్కీలో పెట్టండి. సీలు తీసిన ప్యాకెట్టు సీట్ల దగ్గర ఉంటే అదే నేరం. వచ్చే దారిలో మ్యూర్ వుడ్స్, పాయింట్ రేస్ చూడాలనిపిస్తుంది. అవి ఫెడరల్ భూములు, అక్కడ రాష్ట్ర చట్టం మిమ్మల్ని కాపాడదు. రాష్ట్రం సరిహద్దు దాటించడం, విమానంలో తీసుకెళ్లడం కూడా అంతే.

ఇండియాకు వెళ్లే పెట్టెలో గమ్మీలు, నూనెలు, విత్తనాలు, సీసాలో అడుగంటిన పొడి, ఏదీ ఉండకూడదు. 1985 నాటి మత్తు పదార్థాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) కింద అమెరికా బిల్లు ఏ విధంగానూ రక్షణ కాదు. పోటీ బొమ్మ ఉన్న టీషర్టు తీసుకెళ్లవచ్చు, అది కూడా మీ అమ్మానాన్నలకు వివరించే ఓపిక ఉంటే.

ఫలితాల జాబితాను నిర్వాహకులు ప్రకటిస్తారు. అందులో విజేతల పేర్ల పక్కన పొలం పేరు, కౌంటీ చూసి గుర్తుపెట్టుకోండి. మీరు మాట్లాడిన రైతు పేరు ఉన్నా లేకపోయినా, మీ ఊరి దుకాణంలో ఆ పొలం పంట ఉందా అని పౌరులైన మీ స్నేహితులు ఒక్కసారి అడిగితే ఆ మాట కొనుగోలు చేసేవారి దాకా చేరుతుంది. పంట ఊసే వద్దనుకునేవారు వేసవిలో 101 రహదారి పట్టుకుని ఉత్తరంగా వెళ్లవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లేటన్‌విల్ సుమారు 150 మైళ్లు. ఈ రైతుల్లో చాలామంది కూరగాయలు, పూలు కూడా పండిస్తారు. అక్కడి వారపు సంతలో టమాటాలైతే వాళ్ల చేతి నుంచే కొనుక్కోవచ్చు.